ఎకో తీగలో 5 వోల్టులు: ట్యాంకు ప్రాజెక్టు బొమ్మకు సవరణ

సంపాదకులకు నమస్కారం.

నీటి ట్యాంకు నిండగానే మోటారు దానంతటదే ఆగిపోయే ప్రాజెక్టు ఒకటి మీ విద్యార్థి పేజీలో వేశారు. ప్రోగ్రాం నడిపే ఈఎస్‌పీ32 బోర్డు, శబ్దం పంపి నీటి దూరం కొలిచే హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అల్ట్రాసోనిక్ సెన్సర్, రెండు వరుసల ఎల్‌సీడీ తెర, సంకేతంతో ఆన్, ఆఫ్ అయ్యే స్విచ్చు రిలే, ఎస్సెమ్మెస్ పంపడానికి సిమ్800ఎల్. అన్నీ కోఠి గుజరాతీ గల్లీలో ఒక్క పూట తిరిగితే దొరికేవే. ప్రోగ్రాం కూడా శుభ్రంగా ఉంది. తప్పంతా తీగల్లో ఉంది. సెన్సర్‌కు 5 వోల్టులిచ్చి, దాని ఎకో పిన్నును, అంటే కొలత బయటికి వచ్చే కాలును, తిన్నగా 3.3 వోల్టుల ఈఎస్‌పీ32కు కలిపారు. ఎల్‌సీడీ తీగలూ అంతే. సవరణ వేస్తారన్న నమ్మకంతో, ఏ తీగకు ఏం కావాలో విడివిడిగా రాస్తున్నాను. ఉత్తరం పొడుగైంది. కత్తిరించక తప్పకపోతే మాటలు కత్తిరించండి, అంకెల జోలికి మాత్రం పోకండి.

అసలు ఈ పేచీ ఎక్కడిదంటే, ఆ బొమ్మలో రెండు తరాల సామాను ఉంది. 5 వోల్టుల లెక్క 1960లలో వచ్చిన 7400 వరుస టీటీఎల్ అనే పాతరకం లాజిక్ చిప్పుల నాటిది. ఆర్డుయినో ఊనో బోర్డులోని ఏటీమెగా328పీ చిప్పు దాకా అదే నడిచింది. చిప్పు లోపలి ట్రాన్సిస్టర్లు చిన్నవయ్యేకొద్దీ గేటు కింది ఆక్సైడ్ పొర పలచబడుతూ వచ్చింది. అంత పలచటి పొర 5 వోల్టులకు ఆగదు. అందుకే 3.3కి దిగారు, ఇప్పుడు 1.8కి దిగుతున్నారు. ఈఎస్‌పీ32, రాస్ప్‌బెర్రీ పై, పికో 3.3 వోల్టుల మనుషులు. మన బజారులో దొరికే సెన్సర్లు, రిలే బోర్డులు, ఎల్‌సీడీలు చాలావరకు ఊనో కాలం దగ్గరే ఆగిపోయాయి.

కాబట్టి ఏ రెండు పిన్నులు కలిపినా ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. పంపే పిన్ను ‘హై’ (అంటే 1; ‘లో’ అంటే 0) అని చెప్పడానికి ఇచ్చే వోల్టేజీ, అందుకునే పిన్ను ఓర్చుకోగల హద్దు దాటుతోందా? దాటకపోతే, అందుకునే పిన్ను ‘ఇది హై’ అని ఒప్పుకునే కనీసానికైనా చేరుతోందా? చిప్పు తయారుచేసినవాళ్లు ఇచ్చే వివరాల పత్రం, డేటాషీట్, తెరిస్తే రెంటికీ జవాబులుంటాయి. ఈఎస్‌పీ32 తన సరఫరాలో 75 శాతం పైన ఉన్నదాన్ని హై అంటుంది, 25 శాతం కింద ఉన్నదాన్ని లో అంటుంది. 3.3 వోల్టుల మీద అవి 2.475, 0.825. పిన్ను మీదికి రాగల గరిష్ఠం సరఫరా కంటే 0.3 ఎక్కువ, అంటే 3.6 వోల్టులు. ఊనోకు 5 వోల్టుల మీద హై కనీసం 3.0, లో గరిష్ఠం 1.5. ఇప్పుడు లెక్క చూడండి. ఈఎస్‌పీ32 నుంచి ఊనోకు 3.3 వెళితే 3.0 దాటుతుంది, మిగులు చిన్నదైనా సరిపోతుంది. ఊనో నుంచి ఈఎస్‌పీ32కు 5 వస్తే 3.6 హద్దు ఎగిరిపోతుంది. అవే రెండు బోర్డులు, అవే తీగలు, కానీ ఒక దిక్కున చెల్లేది ఎదురు దిక్కున చెల్లదు. పిల్లలకు ముందుగా తలకెక్కాల్సింది ఇదే.

‘మేం నేరుగా కలిపాం, పనిచేస్తోంది’ అని చాలామంది అంటారు. పనిచేస్తుంది, కాదనను. చాలా చిప్పుల్లో ప్రతి పిన్నుకూ సరఫరా వైపు ఒక రక్షణ డయోడ్ ఉంటుంది. చేతి స్థిరవిద్యుత్తు లాంటి క్షణకాలపు దెబ్బ కోసం పెట్టింది అది, రోజంతా కరెంటు మోయడానికి కాదు. పిన్ను మీదికి 5 వోల్టులు వస్తే ఆ డయోడ్ తెరుచుకుని కరెంటు 3.3 లైనులోకి వెనక్కి పారుతుంది. ఆ లైనులో రెగ్యులేటర్ కరెంటు ఇవ్వగలదు గానీ వెనక్కి తీసుకోలేదు. దాంతో బోర్డు తక్కువ కరెంటు వాడుతున్న వేళల్లో లైనే 3.3 కంటే పైకి లేస్తుంది. ఇలాంటి బోర్డు మొదటిరోజే కాలిపోదు. కొన్నాళ్లకు ఒక పిన్ను మొరాయిస్తుంది, లేదా స్లీప్‌లో ఉన్నప్పుడు కరెంటు అకారణంగా పెరుగుతుంది, లేదా చిప్పు వెచ్చబడుతుంది. అప్పుడు అందరూ ప్రోగ్రాంలో తప్పు వెతుకుతూ కూర్చుంటారు. ఈఎస్‌పీ పిన్నులు 5 వోల్టులకు తట్టుకుంటాయని ఇంటర్‌నెట్‌లో రాసేవాళ్లు లేకపోలేదు. డేటాషీట్‌లో ఆ హామీ లేదు. ఆ హామీ ఉన్న చిప్పులు వేరే ఉన్నాయి. ఎస్‌టీఎం32ఎఫ్103లో చాలా పిన్నులు 5 వోల్టులు ఓర్చుకుంటాయి, ఏవేవో డేటాషీట్ పట్టికలో గుర్తుపెట్టి మరీ చెప్పారు. అందులోనూ అనలాగ్ పిన్నులకు ఆ సదుపాయం లేదు.

ఇక ఎకో తీగ. ఇది ఒకవైపే నడిచే సంకేతం, పైగా మెల్లనిది, కాబట్టి రెండు రెసిస్టర్లు చాలు. సాధారణంగా 1 కిలోఓమ్, 2 కిలోఓమ్ వాడమంటారు. అయిదింటిని 3.33కి దించుతాయి, తప్పులేదు. అయితే కిట్లలో 2 బదులు 2.2 వస్తుంది, పిల్లలు దాన్నే పెట్టేస్తారు. అప్పుడు 3.44 అవుతుంది. మొబైల్ చార్జర్ 5.25 ఇచ్చే రకమైతే 3.61, హద్దు దాటినట్టే. అందుకే నేను చెప్పేది 2.2 కిలోఓమ్ పైన, 3.3 కిలోఓమ్ కింద. పైన అంటే ఎకో పిన్నుకూ ఈఎస్‌పీ32 పిన్నుకూ మధ్య, కింద అంటే ఈఎస్‌పీ32 పిన్నుకూ గ్రౌండ్‌కూ మధ్య. 5 వోల్టులకు సరిగ్గా 3.0 వస్తుంది. సరఫరా 5.25 అయితే 3.15, 4.75కి జారితే 2.85. అయిదు శాతం రెసిస్టర్లు అటూ ఇటూ అయినా 3.6 దాటదు, 2.475 కిందికి దిగదు. పోయే కరెంటు ఒక మిల్లీయాంపియర్ కూడా ఉండదు.

ఈ రెండు రెసిస్టర్లు తారుమారు కావడమే ఎక్కువసార్లు జరిగే పొరపాటు. 2.2ది ఎరుపు, ఎరుపు, ఎరుపు. 3.3ది నారింజ, నారింజ, ఎరుపు. ట్యూబులైటు వెలుగులో చవక రెసిస్టర్ మీది నారింజ కూడా ఎరుపులాగే కనబడుతుంది. తారుమారైతే మధ్యలో వచ్చేది 2.0 వోల్టులు. అది ఈఎస్‌పీ32కు హై కాదు, లో కాదు. 0.825కూ 2.475కూ మధ్య ఉన్నదాన్ని చిప్పు ఎలాగైనా చదవవచ్చు. అందుకే ఉదయం ట్యాంకు సగం ఉందని, మధ్యాహ్నం ట్యాంకే లేదని చెబుతుంది. బోర్డుకు నష్టం లేదు గానీ తప్పు దొరకదు. పెట్టేముందు ఒక్కో రెసిస్టర్‌నూ మల్టీమీటర్‌తో కొలవడం అర నిమిషం పని.

మల్టీమీటర్ గురించి ఇంకో మాట. ఎకో పిన్ను మీద మీటరు పెట్టి ‘0.1 వోల్టే చూపిస్తోంది, భయం లేదు’ అనుకునేవాళ్లున్నారు. ఎకో ఒక పల్సు. నీరు 20 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, సెంటీమీటరుకు 58 మైక్రోసెకన్ల చొప్పున ఆ పల్సు 1.16 మిల్లీసెకన్లు ఉంటుంది. 60 మిల్లీసెకన్లకోసారి కొలుస్తున్నామనుకుంటే మిగతా సమయమంతా అక్కడ సున్నా. మీటరు చూపేది సగటు, అది 0.1 వోల్టే అవుతుంది. పల్సు ఎత్తు మాత్రం నిండా 5. ఆసిలోస్కోప్ లేనివాళ్లు ఒక 1ఎన్4148 డయోడ్, ఒక 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ తీసుకోండి. డయోడ్ ఆనోడ్ ఎకోకు, గీత ఉన్న కొస కెపాసిటర్‌కు, కెపాసిటర్ రెండో కొస గ్రౌండ్‌కు. కెపాసిటర్ మీద మీటరు పెడితే పల్సు శిఖరం కంటే సుమారు అర వోల్టు తక్కువ చూపుతుంది. 4.4 లాంటి అంకె కనబడిందా, లోపల 5 ఉన్నట్టే.

ఎదురు దిక్కున, కొలత మొదలుపెట్టమని సెన్సర్‌కు చెప్పే ట్రిగర్ తీగకు ఏమీ అక్కర్లేదు. 10 మైక్రోసెకన్ల 3.3 వోల్టుల పల్సును ఈ సెన్సర్ గుర్తిస్తుంది. చివర పీ అక్షరం ఉన్న హెచ్‌సీ-ఎస్‌ఆర్04పీ దొరికితే దాన్ని 3.3 మీదే నడపవచ్చు, అప్పుడు ఎకో కూడా 3.3 లోపే ఉంటుంది, రెసిస్టర్ల గొడవే లేదు. పనిలో పనిగా చెప్పాలి, మూత ఉన్న ట్యాంకులో ఆవిరి పట్టి మామూలు హెచ్‌సీ-ఎస్‌ఆర్04 ఎంతో కాలం నిలవదు. నీరు చొరని జేఎస్‌ఎన్-ఎస్‌ఆర్04టీ వాడాలి. దానికి 5 వోల్టులిస్తే ఎకోకు ఇవే రెండు రెసిస్టర్లు.

ఎల్‌సీడీ దగ్గర ఈ చిట్కా పారదు. ఎందుకంటే అది ఐ2సీ, అంటే డేటా, క్లాకు అనే రెండు తీగలతో చిప్పులు మాట్లాడుకునే పద్ధతి. ఆ తీగల మీద రెండు వైపుల నుంచీ మాట నడుస్తుంది. ఎల్‌సీడీ వీపున అతికించి వచ్చే చిన్న బోర్డులో పీసీఎఫ్8574 చిప్పు ఉంటుంది. 5 వోల్టుల మీద దానికి హై అంటే కనీసం 3.5. అదే బోర్డు మీద రెండు తీగలకూ 5 వోల్టుల వైపు 4.7 కిలోఓమ్ పుల్‌అప్‌లు, అంటే తీగను పైకి లాగి ఉంచే రెసిస్టర్లు, ఉంటాయి. నేరుగా కలిపితే ఈఎస్‌పీ32 తీగను వదిలిన ప్రతిసారీ ఆ పుల్‌అప్ దాన్ని 5 వైపు లాగుతుంది. పుల్‌అప్ కరెంటును మిల్లీయాంపియర్‌లో పావు వంతుకు కట్టేస్తుంది కాబట్టే ఎందరివో బోర్డులు ఏళ్లుగా బతికున్నాయి. హద్దు దాటుతున్న మాట మాత్రం నిజం.

దీనికి బయట చెప్పే చిట్కాలు రెండు. ఎల్‌సీడీ మొత్తాన్నీ 3.3తో నడపమనేది ఒకటి. చిప్పు నడుస్తుంది గానీ 5 వోల్టుల గాజు తెరకు కాంట్రాస్ట్ చాలదు, వెలుగు వస్తుంది, అక్షరాలు రావు. ఆ పుల్‌అప్‌లు పీకేసి 3.3 వైపు పెట్టమనేది రెండోది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఈఎస్‌పీ32 బాగుంటుంది గానీ పీసీఎఫ్8574కి కావాల్సిన 3.5 అందదు. టేబుల్ మీద పనిచేసి, తీగ పొడుగు పెంచగానే అక్షరాలు చెదిరిపోయేది ఇలాంటి చోటే.

సరైన మందు బీఎస్‌ఎస్138 మాస్‌ఫెట్‌లతో (గేటు మీది వోల్టేజీతో తెరుచుకునే ట్రాన్సిస్టర్లు) వచ్చే నాలుగు చానెళ్ల లెవల్ షిఫ్టర్ బోర్డు, అంటే వోల్టేజీ స్థాయి మార్చే బోర్డు. గోరంత ఉంటుంది. ఐ2సీని పుట్టించిన ఫిలిప్స్ వాళ్లే 1990లలో ఈ పద్ధతిని అప్లికేషన్ నోట్‌గా వేశారు. ఒక్కో తీగకు ఒక మాస్‌ఫెట్, రెండు 10 కిలోఓమ్ రెసిస్టర్లు, అంతే. గేటు 3.3కి కట్టి ఉంటుంది, సోర్స్ ఈఎస్‌పీ32 వైపు, డ్రెయిన్ ఎల్‌సీడీ వైపు. ఎవరూ తీగను లాగనప్పుడు సోర్స్ కూడా 3.3లోనే ఉంటుంది, గేటుకూ సోర్స్‌కూ తేడా సున్నా, మాస్‌ఫెట్ మూసుకుని ఉంటుంది, ఎవరి వైపు వోల్టేజీ వారిది. ఈఎస్‌పీ32 తన తీగను కిందికి లాగితే సోర్స్ సున్నాకు వస్తుంది, మాస్‌ఫెట్ తెరుచుకుని అవతలి తీగనూ కిందికి లాగుతుంది. ఎల్‌సీడీ వైపు నుంచి లాగితే మాస్‌ఫెట్ లోపలి డయోడ్ ముందు పలికి సోర్స్‌ను 0.7 దాకా దించుతుంది, దాంతో మాస్‌ఫెట్ తెరుచుకుని మిగతాది పూర్తిచేస్తుంది. ఎటు నుంచి ఎటు అని చెప్పే పిన్ను అక్కర్లేదు. ఇంత చవకలో ఇంత తెలివైన సర్క్యూట్ మరొకటి నేను చూడలేదు.

కలిపే తీరు ఇది. ఎల్‌వీ పిన్నుకు 3.3, హెచ్‌వీ పిన్నుకు 5, గ్రౌండ్‌లన్నీ ఒక్కటిగా. ఈఎస్‌పీ32 డేటా, క్లాకు ఎల్‌వీ1, ఎల్‌వీ2కి, ఎల్‌సీడీవి హెచ్‌వీ1, హెచ్‌వీ2కి. ఎల్‌వీ, హెచ్‌వీ సరఫరాలు తారుమారైతే లోపలి డయోడ్ ఎప్పుడూ పలుకుతూనే ఉంటుంది, రెండు వైపులా తీగలు 4 వోల్టుల దగ్గర తేలాడతాయి. కాబట్టి ఈఎస్‌పీ32 తీగలు కలపకముందే సరఫరాలిచ్చి ఎల్‌వీ1 మీద మీటరు పెట్టండి. 3.3 వస్తేనే ముందుకు.

షాపులో బీఎస్‌ఎస్138 లేదని 2ఎన్7000 చేతిలో పెడతారు, కాళ్లు పొడుగ్గా ఉండి బ్రెడ్‌బోర్డులో చక్కగా దిగుతుంది కూడా. అయితే అది తెరుచుకోవడం మొదలయ్యే వోల్టేజీ 0.8 నుంచి 3 దాకా ఎక్కడైనా ఉండవచ్చు. బీఎస్‌ఎస్138ది 1.5 లోపే. గేటు మీద ఉన్నదే 3.3 అయినప్పుడు 3 దగ్గర మేలుకునే మాస్‌ఫెట్ నిద్రమత్తులో ఉన్నట్టే. పది ముక్కల్లో ఎన్ని ఆడతాయో ఎవరూ చెప్పలేరు.

ఐ2సీ తీగ మీద ఇంకా ఏవైనా మాడ్యూల్స్ ఉంటే పుల్‌అప్‌లు లెక్కపెట్టుకోవాలి. అవన్నీ సమాంతరంగా కలుస్తాయి. ఎల్‌సీడీ బోర్డు 4.7, షిఫ్టర్ 10 కలిస్తే 3.2 కిలోఓమ్, దాన్ని కిందికి లాగడానికి ఒకటిన్నర మిల్లీయాంపియర్, అవతలి వైపుదీ కలిపితే రెండుకు లోపే. ఐ2సీ లెక్కలో లాగే చిప్పుకు 3 మిల్లీయాంపియర్ల హామీ ఉంది కాబట్టి ఇది పర్వాలేదు. అదే 4.7వి మూడు కలిస్తే 5 వోల్టుల వైపే 3.2 మిల్లీయాంపియర్లు అవుతుంది, అప్పుడు అదనపు పుల్‌అప్‌లు విప్పేయాలి. వేగం 100 కిలోహెర్ట్జ్ దాటనివ్వొద్దు. 10 కిలోఓమ్ పుల్‌అప్, వంద పికోఫారడ్‌ల తీగ ఉంటే సంకేతం పైకి లేవడానికి 0.85 మైక్రోసెకను పడుతుంది. 100 కిలోహెర్ట్జ్‌కు ఒక మైక్రోసెకను దాకా ఒప్పుకుంటారు, 400కి 0.3 మాత్రమే. వంద పికోఫారడ్‌లంటే మీటరు, రెండు మీటర్ల తీగ. ఎల్‌సీడీని వంటింటి గోడకూ బోర్డును డాబా మీదా పెట్టాలనుకునేవాళ్లు ఇక్కడే ఆలోచించుకోవాలి.

రిలే తీగను మీ బొమ్మలో నేరుగా కలిపారు. ఇక్కడ ఆపద ఇంకో రకం. మన దగ్గర దొరికే 5 వోల్టుల రిలే బోర్డులు చాలావరకు లో ఇస్తే ఆన్ అయ్యే రకం. ఈఎస్‌పీ32 ఇచ్చే 3.3ని కొన్ని బోర్డులు హై అనుకోవు, ఎందుకంటే 5కూ 3.3కూ మధ్య ఇంకా 1.7 వోల్టులు మిగిలే ఉన్నాయి. ఒక్క పీఎన్‌పీ ట్రాన్సిస్టర్ ఉన్న బోర్డుకు ఆ 1.7 చాలు, రిలే పట్టుకున్నది వదలదు. మోటారు ఆగదు, ట్యాంకు పొర్లుతుంది. ఆప్టోకప్లర్ (వెలుగుతో సంకేతం అందించే చిప్పు) ఉన్నవాటిలో లోపల రెండు ఎల్‌ఈడీలు వరుసగా ఉంటాయి కాబట్టి చాలాసార్లు ఆగుతుంది. రిలే కాయిల్ సరఫరానూ సంకేతం వైపు సరఫరా వీసీసీనీ కలిపే జేడీ-వీసీసీ జంపర్ తీసి, వీసీసీకి 3.3 ఇవ్వమనే చిట్కా మంచిదే గానీ, ఆ రెండు ఎల్‌ఈడీలే సుమారు 3 వోల్టులు తినేస్తాయి, కరెంటు చాలక కొన్ని రిలేలు టక్కుమనవు.

ఏ బోర్డుకైనా పనికొచ్చేది ఒక బీసీ547 ట్రాన్సిస్టర్. చదును ముఖం మనవైపు, కాళ్లు కిందికి పెట్టి పట్టుకుంటే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. ఎమిటర్ గ్రౌండ్‌కు, కలెక్టర్ రిలే బోర్డు ఇన్ పిన్నుకు, ఈఎస్‌పీ32 పిన్ను నుంచి 4.7 కిలోఓమ్ ద్వారా బేస్‌కు, బేస్ నుంచి ఎమిటర్‌కు 10 కిలోఓమ్. రిలే బోర్డు వీసీసీ 5లోనే ఉంటుంది. ఇప్పుడు హై ఇస్తే ట్రాన్సిస్టర్ ఇన్ పిన్నును గ్రౌండ్‌కు లాగుతుంది, లో ఇస్తే పూర్తిగా వదిలేస్తుంది. ప్రోగ్రాంలో ఆన్, ఆఫ్ తలకిందులవుతాయి, మరిచిపోవద్దు. బోర్డు రీసెట్ అవుతున్నప్పుడు పిన్నులు ఎటూ కాకుండా ఉండే ఆ క్షణంలో 10 కిలోఓమ్ బేస్‌ను కిందే పట్టి ఉంచుతుంది, మోటారు ఉలిక్కిపడి లేవదు. అన్నట్టు, ఈ చిన్న రిలేతో మోటారును నేరుగా నడపకండి. మీద 10 యాంపియర్లని రాసి ఉన్నా, మోటారు లేచేటప్పుడు లాగే కరెంటు దానికి ఎన్నో రెట్లుండవచ్చు. రిలే స్టార్టర్ కాయిల్‌ను మాత్రమే నడపాలి.

సిమ్800ఎల్‌ది మూడో లోకం. దాని సీరియల్ పిన్నులు 2.8 వోల్టులవి, సరఫరాకు 3.4 నుంచి 4.4 మధ్య కావాలి, సిగ్నల్ పంపే క్షణంలో 2 యాంపియర్ల దాకా లాగుతుంది. సరఫరా సంగతి మీ వ్యాసంలో బాగానే చెప్పారు. ఈఎస్‌పీ32 పంపే 3.3 దాని హద్దు 3.1 కంటే ఎక్కువ. ఒక 1 కిలోఓమ్ వరుసలో, ఒక 5.6 కిలోఓమ్ గ్రౌండ్‌కు పెడితే సరిగ్గా 2.8 అవుతుంది. ఎదురు దిక్కున దాని 2.8 ఈఎస్‌పీ32 అడిగే 2.475ని దాటుతుంది, మిగులు తక్కువ కాబట్టి తీగ పొట్టిగా ఉండాలి. అదే సిమ్800ఎల్‌ను ఊనోకు కలిపేవాళ్లు జాగ్రత్త. ఊనో 3.0 అడుగుతుంది, అందేది 2.8. ఏటీమెగా నిజానికి రెండున్నర దగ్గరే హై అనుకుంటుంది గనుక టేబుల్ మీద ఆడుతుంది. డేటాషీట్ ఆ మాట ఇవ్వలేదు. 4జీ మాడ్యూల్స్‌లో సిమ్7600 వంటి వాటి విడి పిన్నులు 1.8 వోల్టులవి. అక్కడ రెండు రెసిస్టర్లతో ఒక దిక్కే కుదురుతుంది, 1.8ని ఈఎస్‌పీ32 హైగా ఒప్పుకోదు. టీఎక్స్‌ఎస్0108ఈ లాంటి షిఫ్టర్ చిప్పు కావాలి. దాని ‘ఏ’ వైపు 1.8, ‘బీ’ వైపు 3.3, ఎప్పుడూ ‘ఏ’ వైపే తక్కువ. చిప్పును పనిలోకి దించే ఓఈ పిన్నును ‘ఏ’ వైపు సరఫరాకు కట్టకపోతే చిప్పు నిద్రలేవదు. దీని కవల టీఎక్స్‌బీ0108 పేరులో ఎస్ బదులు బీ, చివర ఈ ఉండదు, అంతే తేడా. దాన్ని ఐ2సీకి పెడితే లోపలి డ్రైవర్లు పుల్‌అప్‌లతో కుస్తీ పడతాయి, పని జరగదు. కొనేటప్పుడు అక్షరం చూసుకోవాలి.

అక్షరం విలువ ఇంకా బాగా తెలిసేది వినాయక మండపాల అలంకరణ దీపాల దగ్గర. ఒక్కో దీపానికీ విడిగా రంగు చెప్పగల డబ్ల్యూఎస్2812బీ ఎల్‌ఈడీ పట్టీలకు ఈఎస్‌పీ32తో రంగులు వేయాలని మీ వ్యాసం చివర ఆశపెట్టారు కాబట్టి రాస్తున్నాను. 5 వోల్టుల మీద ఆ దీపం డేటా పిన్నుకు హై అంటే 3.5, మనం ఇచ్చేది 3.3. కొన్ని పట్టీలు వింటాయి, కొన్నిటిలో మొదటి దీపం మిణుకుతూ మిగతావన్నీ పిచ్చి రంగులు చూపిస్తాయి. బీఎస్‌ఎస్138 బోర్డు ఇక్కడ పనికిరాదు. ఈ డేటా 800 కిలోహెర్ట్జ్‌ది, ఇందులో సున్నాకు పల్సు 0.4 మైక్రోసెకనే. 10 కిలోఓమ్ పుల్‌అప్ సంకేతాన్ని పైకి లేపేలోపు పల్సు అయిపోతుంది. 74హెచ్‌సీటీ125 అనే బఫర్ చిప్పు కావాలి. 14వ కాలికి 5, 7వ కాలికి గ్రౌండ్, 1వ కాలు గ్రౌండ్‌కు, 2వ కాలికి ఈఎస్‌పీ32 డేటా, 3వ కాలు నుంచి 330 ఓమ్ మీదుగా పట్టీకి. 14, 7 మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్. వాడని మూడు గేట్ల ఇన్‌పుట్లు 5, 9, 12, వాటి ఎనేబుల్ కాళ్లు 4, 10, 13 గాలికి వదలకుండా గ్రౌండ్‌కు కట్టండి. ఆ పేరులోని ‘టీ’ అక్షరమే ప్రాణం. హెచ్‌సీటీ అంటే పాత టీటీఎల్ లెక్క, 2.0 వస్తే చాలు హై అంటుంది. షాపువాడు ‘రెండూ ఒకటే సార్’ అని 74హెచ్‌సీ125 ఇస్తే దానికీ 3.5 కావాలి, పెట్టినా పెట్టకపోయినా ఒకటే.

చిప్పు దొరకని పండుగ రోజు ఒక దారి ఉంది. పట్టీలోంచి ఒక్క దీపాన్ని కత్తిరించి, దాని 5 వోల్టుల కాలికి ముందు ఒక 1ఎన్4007 పెట్టండి. ఆ దీపానికి అందేది 4.3, దానికి హై అంటే 3.0, మన 3.3 సరిపోతుంది. అది పంపే 4.3 తర్వాతి దీపం అడిగే 3.5కి చాలు.

సవరణ బొమ్మ వేసేటప్పుడు ప్రతి తీగ పక్కనా ‘3.3’ అనో ‘5’ అనో అంకె వేయించండి. నీలి గీత, ఎర్ర గీత తేడా న్యూస్‌ప్రింట్ మీద తెలియదు. ఇంకొకటి, మీ బొమ్మలో ఎకో వెళ్లిన పిన్ను 12. ఈఎస్‌పీ32 లేచే క్షణంలో ఆ పిన్ను హైలో ఉంటే ఫ్లాష్ మెమరీకి 1.8 వోల్టులు చాలనుకుంటుంది, బోర్డు అసలు బూట్ కాదు. సెన్సర్ పల్సు ఇస్తున్నప్పుడే రీసెట్ నొక్కినవాళ్లకు ఒకసారి లేచి ఒకసారి లేవని బోర్డు కనబడుతుంది. ఎకోను 18కి మార్చండి, రెసిస్టర్లు రెండూ అక్కడే పెట్టండి.

ఇట్లు,
ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పే ఓ పాఠకుడు,
వరంగల్